ఐదో గేరులో ఆగిన బండి

పెద్దకర్మ ముగిసిన మర్నాడు ఉదయం ఆరుంబావుకు ఒంగోలులో రైలెక్కాను. మా బావమరిది శ్రీను కారు వాకాడు పోలీసు స్టేషను ఆవరణలో ఉంది, అందులోంచి సామాన్లు తెచ్చుకోవాలి. ఆ కారు నడుపుతూనే వాడు పోయాడు. పక్కన కూర్చున్న భార్య లక్ష్మి కాలు విరిగి నెల్లూరు ఆసుపత్రిలో ఉంది. వెనక కూర్చున్న స్నేహితులిద్దరూ దెబ్బలతో బయటపడ్డారు. నాకూ కారుంది గానీ, ఆ వార్త విన్నప్పటినుంచి స్టీరింగు ముట్టుకోలేదు.

తొమ్మిదికి గూడూరులో దిగి, రెండిడ్లీలు తిని, కోట మీదుగా వెళ్ళే వాకాడు బస్సెక్కాను. సీటు కావాలంటే బస్టాండులోనే ఎక్కాలి. దారిలో ఎక్కినవాళ్ళంతా నిలబడే వచ్చారు. కోట దాటాక రోడ్డు సన్నబడింది. రెండువైపులా వరిమళ్ళు, ఆపైన రొయ్యల చెరువులు.

పక్కన ఖాళీ చేపల గంపతో కూర్చున్న ఆమె ఎక్కడికని అడిగితే చెప్పాను.

"ఆ కారా అన్నా! అది దాటబోయిన ట్రాక్టరు మీద మా మరిదే ఉండినాడు. కారు ట్రాక్టరు పక్కకొచ్చి ముందుకీ పోలా, ఎనక్కీ తగ్గలా. రెండూ జంటగా పోతా ఉంటే ఎదురుగా ఐసు లారీ వచ్చినాదంట."

ముందుకెందుకు పోలేదన్న ప్రశ్న వాకాడు దాకా నాతోనే వచ్చింది.

స్టేషనులో కాగితం మీద సంతకం పెట్టాక, నలిగిన తలుపు తెరవడానికి మెకానిక్ మస్తాన్‌ను పిలిపించారు. లక్ష్మి చెప్పులు, కళ్ళజోడు, శ్రీను ఫోను దొరికాయి. మస్తాన్ లోపలికి వంగి గేరు రాడ్డు చూపించాడు.

"చూడండి సార్, ఐదులోనే ఉండాది. నలుగురు మనుషులు, ఏసీ. ఐదులో ఎట్టా లాగతాది?"

"మంచి పవరున్న బండని కొన్నాడే," అన్నాను.

"పవరు ఉండాది సార్, ఇంజను గట్టిగా తిరిగితేనే. ఇది పెట్రోలు బండి. తక్కువ స్పీడులో ఐదులో తొక్కితే ఇంజను తిరగదు. తిప్పే బలం, అదే టార్కు, చక్రాలకి చాలినంత అందదు. మూడులోకి దించి తొక్కింటే ఎగిరి దూకేది."

శ్రీనుకు కారు నేర్పింది నేనే. "యాభై దాటితే ఐదులోనే ఉంచరా, దించితే పెట్రోలు తాగేస్తుంది," అని పదేపదే చెప్పాను. నేను ఇరవై ఏళ్ళు నడిపింది డీజిల్ బండి. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నా దానికి టార్కు వస్తుంది, గేరు దించకపోయినా లాగేస్తుంది. అందుకని అన్ని బండ్లూ అంతేననుకున్నాను. వాడు నా మాట విన్నాడు.

నెల్లూరు బస్సు పట్టుకుని మూడింటికి ఆసుపత్రి చేరాను. లక్ష్మి కళ్ళజోడు పెట్టుకుని, వెంటనే తీసేసింది.

"ఆయన తప్పేం లేదు కదా అన్నయ్యా?"

దాచాలనుకున్నాను. దాచలేక మస్తాన్ చెప్పింది, నేను నేర్పింది మొత్తం చెప్పాను.

"మూడో గేరు వేసుంటే దాటేసే వాళ్ళమా?"

"దాటేసేవాళ్ళేనమ్మా."

ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది. నర్సు వచ్చి టైమైపోయిందనేదాకా అక్కడే కూర్చున్నాను.

సాయంత్రం రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. ఈ ప్రయాణంలో నేను తెలుసుకున్నది చిన్న విషయం. ముందు వాహనాన్ని దాటాలనుకుంటే గేరు ముందే దించాలి, మీ బండికి బలం ఎక్కడుందో తెలుసుకోవాలి, తెలియకపోతే వెనకే ఉండాలి. ఇది డ్రైవింగు నేర్పే మొదటి వారంలోనే చెప్పాల్సిన మాట. నేను చెప్పలేదు.

ఒంగోలు స్టేషనుకు నా భార్య ఎదురొచ్చింది. తమ్ముడి ఫోను చేతిలోకి తీసుకుని, "ఎలా జరిగిందో తెలిసిందా?" అంది.

"తెలిసింది. ఇక్కడ కూర్చో," అన్నాను.