పొలుసులాయన లెక్క

మా మ్యూజియంలో పాముల గదిని చూసుకునే ఆయన్ని అందరూ పొలుసులాయన అంటారు. స్పిరిట్ సీసాలోంచి చచ్చిన పామును తీసి, పొట్ట కింది అడ్డపొలుసులను సూదిమొనతో ఒక్కొక్కటే లెక్కపెట్టడం ఆయన పని. చూడ్డానికి ఒక్కలాగే ఉండే రెండు పాములు ఒకే జాతా, వేర్వేరా అని శాస్త్రవేత్తలు తేల్చేది చాలావరకు ఆ లెక్కను బట్టే. పక్క గదిలో రికార్డులు రాసే నాతో కూడా రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడడు మహానుభావుడు.

ఒక్క సీసాతో మాత్రం మాట్లాడతాడు. పన్నెండేళ్ల కిందట ఆయన లెక్కపెడితే అందులోని పాముకు మామూలు కన్నా ఐదు పొలుసులు ఎక్కువ వచ్చాయి. అప్పటి పెద్ద శాస్త్రవేత్త దాన్ని కొత్త జాతి అని ప్రకటించి, ఆ లెక్కకు వారం ముందే కన్నుమూసిన ఈయన భార్య పేరు పెట్టాడు. బల్లిని చూస్తేనే కుర్చీ ఎక్కి కూర్చునే మనిషట ఆవిడ! పిల్లాజెల్లా లేరు. ఆ పేరు ఇంకా ఎక్కడైనా ఉందంటే ఆ సీసాలోని చీటీ మీదే.

ఈమధ్య కొత్తగా వచ్చిన శాస్త్రవేత్త, నిండా ముప్పై లేని పిల్ల, ఆ పాము కండ ముక్కకు డీఎన్ఏ పరీక్ష చేయించి, అది పాత జాతేనంది.

"మీ లెక్కొక్కటే తేడాగా ఉంది బాబాయ్. ఇంకోసారి చూడండి. అదే అంకె వస్తే పేరు ఉంచేస్తాను. లేదంటే పాత జాతిలో కలిపెయ్యాలి."

నాకు ఒళ్లు మండింది. "ఏం, ఆ పేరు నిన్నేమైనా కరిచిందా?" అనేశాను. ఆ పిల్ల తల దించుకుని వెళ్లిపోయింది.

ఆయన పామును పళ్లెంలో పరిచి మధ్యాహ్నమంతా లెక్కపెట్టాడు. మూడోసారి అయ్యాక సూది కింద పెట్టేశాడు.

"పాత అంకే చెప్పెయ్యి బాబాయ్, ఎవరొచ్చి చూస్తారు?" అన్నాను. అలా అన్నందుకు నాకేం సిగ్గు లేదు.

"అప్పుడు గొంతు పొలుసుల నుంచే మొదలెట్టేశానమ్మా. పొట్టవి ఐదు దాటాక గానీ మొదలవ్వవు. పనిలో కొత్తగా చేరినవాళ్లు కూడా చెయ్యరు ఆ తప్పు. ఆ వారం నాకు కళ్లెక్కడ కనిపించాయి గనక!"

శాస్త్రవేత్తను పిలిచి అసలు అంకె తనే చెప్పాడు. కొత్త చీటీ తనే రాశాడు. పాత చీటీని పారెయ్యకుండా కొత్తదాని వెనకే సీసాలో ఉంచడం మా పద్ధతి. దాన్ని లోపలికి జార్చబోయి ఆగి, నా చేతికిచ్చాడు.

"ఒక్కసారి పైకి చదువమ్మా. ఇన్నేళ్లూ నేను పిలవడమే గానీ, ఇంకొకళ్ల నోట విని ఎంత కాలమైందో!"

చదివాను. కళ్లు మూసుకుని విన్నాడు.

"ఇంకోసారి" అన్నాడు.