నవ్వు షాటు

సినిమాలో కొడుకు హీరో కావాలంటే ముందు తండ్రి పోవాలి. ఆ పోయే తండ్రి ఎవరని ఏ ప్రేక్షకుడూ అడగడు. గుంటూరు చుట్టుపక్కల షూటింగు జరిగిందంటే ఆ తండ్రి పానకాలే. పీక్కుపోయిన బుగ్గలు, ఎండకు మాడిన మొహం. మేకప్పు ఖర్చు కూడా లేదు. మళ్లీ చచ్చావంట కదరా అని ఊళ్లో ఆటపట్టించేవాళ్లు. "నేను చావకపోతే మీ హీరోకి కోపం ఎట్టా వచ్చుద్దిరా" అనేవాడు పానకాలు. నిజమే మరి. గోపురానికి దణ్ణం పెట్టేవాళ్లే గానీ పునాదిరాయిని చూసేవాళ్లెవరు?

భార్య మల్లేశ్వరికి ఆ వేషమంటే గుండెదడ. అయినా వెంట వెళ్లి పాడె పక్కన ఏడ్చే ఆడవాళ్లలో కూర్చునేది, ఒక్క పని కోసం. శవం వేషం వేసినవాణ్ణి షాటు అవగానే నవ్వించి, ఆ నవ్వును కూడా కెమెరాలో పట్టాలి. కీడు పోతుందని సినిమావాళ్ల నమ్మకం. కట్ అనగానే ఆమె మొగుడి భుజం తట్టేది. "లెగవయ్యా, ఒక్కసారి నవ్వు." అతను పళ్లన్నీ బయటపెట్టి నవ్వేవాడు. ఆ నవ్వు ఏ సినిమాలోనూ రాలేదు.

ఈ వేసవి మొదట్లో వాళ్ల ఊరి కల్లంలోనే షూటింగు పెట్టారు. పాడె మీద పానకాలు, పక్కనే ఆరబోసిన వాళ్ల మిరపకాయలు. కట్ అన్నారో లేదో చినుకులు మొదలయ్యాయి. కాయ తడిస్తే ఏడాది కష్టం మట్టిపాలే. ఎప్పుడూ నవ్వమనే నోటితోనే మల్లేశ్వరి, "కాయలు తడుస్తన్నయ్యి, పట్టా తీసుకురా" అని కేకేసింది. ముక్కులో దూదితోనే అతను పరుగెత్తాడు. కాయలు దక్కాయి. ఈలోగా సినిమావాళ్లు కెమెరా సర్దుకుని వెళ్లిపోయారు. వాళ్లను వెనక్కి పిలిపించమని, వేషాలకు మనుషుల్ని కుదిర్చే ప్రభును ఆమె బతిమాలింది. పోనీ నా ఫోన్లో తీస్తానన్నాడు ప్రభు. ఏ కెమెరాలో చచ్చాడో దాన్లోనే నవ్వాలంది ఆమె.

వారం తిరక్కముందే చేలో పానకాలు గుండె ఆగిపోయింది. ఎప్పటినుంచో ఉన్న జబ్బేనన్నాడు డాక్టరు. మల్లేశ్వరి వినలేదు, కాయల కోసం మొగుణ్ణి పోగొట్టుకున్నానని తల బాదుకుంది. ఆ మాట తప్పని చెప్పగలం గానీ, ఆమె దుఃఖాన్ని తప్పని ఎవరు చెప్పగలరు?

పాడె లేపబోతుంటే ఆమె ముందుకొచ్చి అతని భుజం తట్టింది.

"లెగవయ్యా. ఒక్కసారి నవ్వు."

శోకాలు పెడుతోందనుకుని ఆడవాళ్లు ఆమెను పట్టుకున్నారు. ఆమె ఏడవడం లేదని, అతను లేస్తాడేమోనని చూస్తోందని ప్రభు ఒక్కడికే తెలుసు.