సన్ననూలు తీసే పొద్దు

రెండువేల పన్నెండు ప్రాంతంలో నాకు బ్లాగు పిచ్చి పట్టింది. అయిదో తరగతితో బడి మానేసి, పొట్లాల కాగితాలు చదివి చదువు పెంచుకున్నవాణ్ణి. అరవై దాటాక కంప్యూటర్లో తెలుగు కొట్టడం వచ్చేసరికి నన్ను ఆపేవాళ్లు లేకపోయారు. పొద్దున్న లేస్తే పోస్టు. బస్సు బోర్డు మీద తెలుగు లేదని ఒకటి, మా యాసను సినిమాల్లో నవ్వులాటకే వాడతారని ఇంకొకటి. ఆ మాటలు ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ వాటి కింద పడి మా అమ్మ కథ నలిగిపోయింది.

అమ్మ పొందూరులో నూలు వడికేది. ఆవిడ మీద పుస్తకం రాస్తానని మా అప్పకు, అంటే మా అక్కకు, మాటిచ్చి అప్పటికి ఆరేళ్లు. అప్పదీ అదే పని. ఒక చెవి పోయింది, రెండోది పోతోంది. చదువు రాదు. నేను చదివితే వినాలి, అంతే.

“ఒరే, నాను పూర్తిగా సెవిటిదాన్నయిపోయాక సదువుతావేటి?” అని వెళ్లినప్పుడల్లా దెప్పేది.

ఒకసారి అమ్మ మీద పెట్టిన బ్లాగు పోస్టునే కాగితాల మీద దింపించి పట్టుకెళ్లాను. బోలెడు కామెంట్లు వచ్చిన పోస్టు. చేతినూలును గాలికొదిలేసిన వాళ్లందరినీ అందులో ఉతికి ఆరేశాను. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతూనే అప్ప అంతా విన్నది.

“బాగా తిట్టినావు. మరి అమ్మేదిరా ఇందులో?”

నాకు ఒళ్లు మండింది. “రోజూ రాస్తన్నాను. ఇంకేటి సెయ్యమంటావు? తీరికెక్కడున్నాది?”

“తీరిక కాదురా ఎర్రి నాయనా, పొద్దు. సన్ననూలు పొద్దున్నే తియ్యాల, గాల్లో సెమ్మున్నప్పుడే. ఎండెక్కితే పోగు నిలవదు. నువ్వు సల్లపూట తిట్లకిచ్చేసి, ఎండలో అమ్మని వడుకుతన్నావు. తెగిపోదా మరి?”

బ్లాగుకెంత సమయం, కథకెంత సమయం అని చదువుకున్నవాళ్లు నెట్లో రోజుల తరబడి వాదించుకునేవారు. నేనూ దూరి వాదించాను. ఒక్కరూ ఇంత తేటగా చెప్పలేదు. సంతకం పెట్టడం రాని మనిషి, పత్తి దువ్వుతూ చెప్పింది.

మర్నాటి నుంచి భోజనం దాకా కంప్యూటర్ మీద తువ్వాలు కప్పి, నోటుబుక్కు పట్టుకున్నాను. “తాత పోయాడా?” అని ఎవడో కామెంటు పెట్టాడు. వాడికి మధ్యాహ్నం జవాబిచ్చాను. కోపం పూట దాటితే చెడిపోయే సరుకేమీ కాదు.

చలికాలానికి మూడు అధ్యాయాలయ్యాయి. అప్ప వినపడే చెవి పక్కన పీట వేసుకుని చదివాను. రెండో పేజీలో, పత్తి దువ్వుతున్న ఆమె చెయ్యి ఆగింది.

“కుడిసెయ్యి కాదురా. అమ్మ ఎడంసేత్తో దువ్వేది.”

అక్కడికక్కడే కొట్టేసి దిద్దాను.

“ఊఁ, సదువు. ఇంకాస్త గట్టిగా.”