రేకుల కప్పు మీద వల

నిన్న ఇంజనీరు గారు మేం కట్టబోయే ఇంటి డిజైన్ ఫోన్‌లో చూపించారు. ముందు వైపంతా నీలం రంగు రేకుల కప్పు, తళతళలాడుతోంది. చూడగానే ఫోన్ అమ్మ చేతికిచ్చాను.

సముద్రం ఒడ్డున నాతోపాటు పెరిగినవాళ్లారా, మీకు గుర్తుందా? తుఫాను కబురు రాగానే, గాలికి కప్పు లేచిపోకుండా పాత వలను తాటాకు కప్పు మీద పరిచి, చుట్టూ గుంజలకు బిగించి కట్టేవాళ్లు. వాన పడుతున్నంతసేపూ తడిసిన వల నీచు వాసన ఇంట్లోకి దిగేది. ఆ వాసన ఉంటే మనకి భయం వేసేది కాదు.

మా ఇంటికి తాటాకు తీసేసి ఇనుప రేకులు వేయించిన ఏడాదే పెద్ద గాలివాన వచ్చింది. అమ్మ వల బయటకు తీస్తే నాన్న నవ్వాడు.

“ఇనుముకి వలేంటే? బోల్టులేశారుగా!”

మధ్యాహ్నానికి ఒక రేకు ఊడి లేచింది. నన్ను పక్కకు లాగబోయిన అమ్మ మోచేతిని కోసుకుంటూ పోయింది. ఆ చేత్తో అమ్మ మళ్లీ వల అల్లలేకపోయింది.

నిన్న అమ్మ ఆ ఫోన్ వంక చాలాసేపు చూసింది.

“బాగుందండి. మరి వల ఎక్కడ కట్టాలండి?”

ఇంజనీరు గారు నవ్వారు. “ఇప్పుడవన్నీ ఎందుకమ్మా? స్క్రూలు గట్టివేనండి.”

అమ్మ కొంగు లాక్కుని మోచేయి కప్పుకుంది.