కనుబొమలు చెల్లని ఇల్లు

చెవిపోటుతో లేసియేలీ ఇంటికి వెళ్లేవాళ్లకు ముందే ఒక మాట చెప్పి పంపుతారు: ఆవిడ ఏదైనా అడిగితే నోరు విప్పి జవాబు చెప్పండి, బొమలు మాత్రం ఎగరేయకండి. మా హాపై దీవుల్లో ఇది చెప్పినంత తేలిక కాదు. ఇక్కడ ఔననడానికి ఎవరూ నోటికి శ్రమ ఇవ్వరు. కనుబొమలు ఒక్కసారి పైకి లేపితే చాలు, పెళ్లి సంబంధాలు కూడా ఖాయమైపోతాయి. అలవాటు కొద్దీ ఎగరేసినవాడు ఊరిపెద్దయినా సరే, మోకాలి మీద విసనకర్రతో ఒక్కటి పడుతుంది.

"నోట్లో దుంప పెట్టుకొచ్చావా? ఔనో కాదో పలుకు" అంటుంది.

ముసలిదానికి చాదస్తం ముదిరిందని కొత్తవాళ్లు నవ్వుకుంటారు. ఆ చాదస్తం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసినవాళ్లు నవ్వరు.

చెవి వైద్యం లేసియేలీకి పెద్దమ్మ దగ్గర్నుంచి వచ్చింది. శనివారం శనివారం కొబ్బరి తురిమి, పాలు పిండి, ఎండకు పెట్టి నూనె తీస్తుంది. నోను అనే చెట్టు ఆకును నిప్పు సెగకు వాడ్చి ఆ నూనెలో నలుపుతుంది. మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని వేడి చూసుకుని, అప్పుడు చెవిలో మూడు చుక్కలు వేస్తుంది. ఆపైన వెచ్చటి గుడ్డతో చెవి వెనక కాపడం. గుక్కపట్టి ఏడుస్తూ వచ్చిన పిల్లలు ఆవిడ తొడ మీద తల పెట్టుకుని నిద్రపోవడం ఊరంతా చూసినదే. ప్రతిఫలం పుచ్చుకుంటే చెయ్యి చెడుతుందని ఆవిడ నమ్మకం. ఎవరైనా పెండలం తెచ్చి గుమ్మంలో పెడితే తిరిగి మోయించేది. పొగడ్త మాత్రం పుచ్చుకునేది, అది ఎంతిచ్చినా ఆవిడకు చాలేది కాదు.

మొగుడు ఫెలెతీ సముద్ర దోసకాయలనే మెత్తటి జీవుల కోసం లోతుకు మునిగీ మునిగీ చెవులు పాడుచేసుకున్నాడు. అతనికీ నూనె వేసింది. నొప్పి పోయింది. దాంతోపాటే వినికిడీ పోయింది. నొప్పి పోయింది కాబట్టి తనే గెలిచాననుకుంది. అప్పటినుంచి ఆ ఇంట్లో మాటలు తగ్గి ముఖాలతో మాట్లాడుకోవడం ఎక్కువైంది. ఫెలెతీ పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. అలాంటి ఇంట్లో పెరిగింది కలోలైనీ, లేసియేలీ కూతురు సేయినీకి నాలుగో బిడ్డ. అందరూ కలో అనేవారు.

కలోకు మూడో ఏట చెవులు కారడం మొదలైంది. చీము వాసన వచ్చేది, రాత్రులు తలగడ తడిసేది. లేసియేలీ దూదితో తుడిచి, నూనె వేసి, కాపడం పెట్టేది. "తగ్గిందా తల్లీ?" అని వంగి చూసేది. పిల్ల ఆవిడ ముఖంలోకి చూసి బొమలెగరేసేది. తగ్గింది. నెల తిరక్కుండానే మళ్లీ కారేది, మళ్లీ నూనె, మళ్లీ బొమలు. ఇలా మూడేళ్లు గడిచాయి.

ఈలోగా పిల్లకు పెంకిఘటమన్న పేరొచ్చింది. వెనకనుంచి ఎన్నిసార్లు పిలిచినా తిరిగేది కాదు. "ఒళ్లంతా పొగరే నీకు" అని లేసియేలీ ఈనెల చీపురుతో రెండు తగిలించేది. ఆ దెబ్బకు తిరిగి చూసి, కళ్లు పెద్దవి చేసుకుని బొమలెగరేసేది. బడిలో మందమతి అన్నారు. చర్చిలో మాత్రం పిల్లలందరితో కలిసి నోరు కదిపేది. పాట చక్కగా పాడుతోందని అమ్మమ్మ మురిసిపోయేది.

కలోకు ఆరేళ్లు నిండాక, పడవలో నెలకోసారి వచ్చే నర్సు వీకా ఆ పిల్ల చెవిలోకి లైటు వేసి చూసింది. వీకా ఆ ఊరి పిల్లే, చిన్నప్పుడు లేసియేలీ తొడ మీద ఏడ్చినదే.

"పిన్నీ, చీము కారే చెవిలో ఏమీ వెయ్యకూడదు. లోపల పొరకి చిల్లు పడింది. గురువారం పడవకి పెద్ద దీవి ఆసుపత్రికి తీసుకెళ్లండి."

"నీ చెవి కూడా ఈ చేత్తోనే బాగుచేశానే! అప్పుడు నీకు చిల్లుల సంగతి కాదు, చీమిడి తుడుచుకోడమే తెలీదు" అంది లేసియేలీ. "నన్నడక్కు, దాన్నే అడుగు." కలో వైపు వంగింది. "నొప్పి తగ్గిందా తల్లీ?"

కలో బొమలెగరేసింది.

"చూశావా?"

వీకా కలో ముందు గొంతుక్కూర్చుని, ముద్దుగా నవ్వి, తన బొమలు కాస్త లేపి అడిగింది: "మీ అమ్మమ్మ నిన్న చచ్చిపోయింది కదమ్మా?"

కలో ఆ నవ్వు చూసి తనూ నవ్వి, బొమలెగరేసింది.

సేయినీకి పక్కున నవ్వొచ్చింది. సగంలో ఆగిపోయింది.

"వేళాకోళమని కనిపెట్టేసిందిలే, గడుగ్గాయి" అంది లేసియేలీ. కానీ ఆవిడ గొంతు మారింది. పిల్ల గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "నువ్వు పందిపిల్లవా?" కలో బొమలెగరేసింది. "సముద్రం ఎండిపోయిందా?" మళ్లీ ఎగరేసింది. లేసియేలీ విసనకర్ర తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. "కలో" అంది. పిల్ల విసనకర్ర వైపే చూస్తోంది. "కలో!" అని అరిచింది. పెరట్లో కోళ్లు బెదిరి చెదిరాయి. కలో విసనకర్ర మీది అల్లికను వేలితో తడుముతూ కూర్చుంది.

"అమ్మా, చాల్లే, ఆపు" అని సేయినీ ఏడ్చింది.

లేసియేలీ ఆపలేదు. పిల్ల తనకు భయపడుతోందని గమనించేదాకా ఆ పేరు అరుస్తూనే ఉంది.

గురువారం పడవెక్కారు. ఆసుపత్రిలో డాక్టరు, వయసులో సేయినీ అంతటి మనిషి, రెండు చెవులూ చూశాడు. ఎడమ చెవి ఇంక పనికిరాదన్నాడు. కుడి చెవిలో కొంచెం మిగిలింది, ఆ చెవికి నోరు ఆనించి గట్టిగా అరిస్తే ఏదో చప్పుడని తెలుస్తుంది, అంతే.

"చెవిలో ఏం వేసేవారు?" అన్నాడు.

సేయినీ తల్లిని పట్టివ్వడం ఇష్టంలేక గోడవైపు చూసింది.

"నూనె. నేనే వేశాను. మూడేళ్లు వేశాను" అంది లేసియేలీ.

"నూనె ఒక్కటే కాదమ్మా. మొదటేడే తీసుకొచ్చుంటే..." అని డాక్టరు ఆ మాట అక్కడితో వదిలేశాడు. పూర్తిచేసినా ఆవిడకు అంతకంటే ఎక్కువ తగిలేది కాదు.

ఆవిడ నూనె తీయడం మానేస్తుందని అందరూ అనుకున్నారు. మానలేదు. చెవిలో గట్టిపడ్డ గులిమితో వచ్చేవాళ్లకు ఇప్పటికీ వేస్తుంది. కానీ వేసేముందు వాళ్ల వెనక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలుస్తుంది. తిరిగి చూడకపోయినా, చీము చుక్క కనబడినా, నూనె గిన్నె పక్కకు జరిపి, "నా దగ్గరికెందుకొచ్చారు? పడవెక్కండి, పొండి" అని గుమ్మం దాకా తరుముతుంది. ఎవరైనా చెయ్యి మంచిదని పొగిడితే లేచి లోపలికి వెళ్లిపోతుంది.

కలోకు ఇప్పుడు పదకొండేళ్లు. సాయంత్రాలు అమ్మమ్మ ముందు కూర్చుని తలకు నూనె రాయించుకుంటుంది. అది వీపు తిప్పి కూర్చున్నప్పుడు లేసియేలీ పాయలు తీస్తూ, "నన్ను క్షమించవే తల్లీ" అంటుంది. ఏళ్ల తరబడి రోజూ ఆ జుట్టుకే చెప్పుకుంటోంది. మొన్న ఒకనాడు ఏమనిపించిందో, పిల్ల భుజాలు పట్టి తన వైపు తిప్పుకుని, ముఖంలో ముఖం పెట్టి అడిగింది.

"నన్ను క్షమించావా?"

కలో అమ్మమ్మ పెదాలు చూసింది, తడిసిన కళ్లు చూసింది. చిన్నగా నవ్వి, కనుబొమలు పైకి లేపింది.

దీవంతటా అది ఔననే లెక్క. ఆ ఇంట్లో మాత్రం అది చెల్లదు.