శిరివెళ్ల దాటాక పాప నొక్కిన బొమ్మ

మా పాపకు పదిహేనేళ్లు. ఆటిజం ఉంది. మాటలు వచ్చు కానీ, మనసులో ఏముందని అడిగితే మాత్రం చెప్పదు. అందుకే ఆమె సంతోషాలూ భయాలూ నేనే ఊహించి ఇంట్లో అందరికీ చెప్పేదాన్ని.

థెరపీకి ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు వెళ్తాం. అక్కడ పరిశోధన చేసే ఒకమ్మాయి మా అనుమతి తీసుకుని పాప ఫోన్లో ఒక యాప్ వేసింది. ఏ పనిలో ఉన్నా సరే, అది ఉన్నట్టుండి మోగుతుంది. ‘ఇప్పుడు నీకు ఎలా ఉంది?’ అని అడిగి, ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా ఐదు బొమ్మలు చూపిస్తుంది.

చిన్నప్పుడొకసారి బస్సులో పాప చేతులు ఆడిస్తూ ముందుకూ వెనక్కూ ఊగింది. బస్సంటే భయమని అప్పుడే తేల్చేశాను. ఆనాటి నుంచీ తెలిసినవాళ్ల కారే. ఆ వారం కారు చెడిపోయింది. తప్పక బస్సెక్కించాను.

శిరివెళ్ల దాటుతుండగా పాప మళ్లీ ఊగడం మొదలుపెట్టింది. దిగిపోదామని సంచి సర్దుకుంటున్నాను. ఫోన్ మోగింది. పాప అన్నిటికన్నా పెద్ద నవ్వున్న బొమ్మ నొక్కింది.

“తప్పు నొక్కినావేమో, పాపా?”

“లేదు. సీటు వణుకుతాంది. బాగుంది.”

“మరి కారు?”

“కారు వాసన. బాగలేదు.”

నాకు నవ్వాగలేదు. పాప ఫోన్ నావైపు తిప్పింది. “నీకెట్లుందమ్మా?” నేనూ అదే బొమ్మ చూపించాను.

పక్కనే నిలబడ్డ కండక్టర్ తొంగి చూశాడు. “ఏందక్కా, ఓట్లేస్తాండారా?”

సాయంత్రం మా ఆయన పొలం నుంచి రాగానే పాప ఫోన్ పట్టుకుని ఎదురెళ్లింది. “నాయనా, నీకెట్లుంది?”

“నాకేందీ, బాగుండా.”

“అట్ల కాదు. ఐదు బొమ్మలుండాయి. ఒగటి చూపీ.”

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, అన్నీ పరీక్షగా చూసి, మూతి వంకర బొమ్మ మీద వేలు పెట్టాడు.

“ఎందుకు?”

“మోకాలు నొప్పి.”

వారం నుంచీ నొప్పట. నాతో ఒక్కమాట అనలేదు. పాప మందు తెచ్చి చేతిలో పెట్టింది.

పరిశోధన ముగిసి ఫోన్ మోగడం మానేసింది. పాప మాత్రం అడగడం మానలేదు. ఇప్పుడు మా ఆయన చెప్పులు విడుస్తూనే ముందుగా చెప్పేస్తున్నాడు: “ఈపొద్దు నాలుగో బొమ్మ పాపా, నీళ్లు తే.”