మూడు మోటార్ల రాకెట్టు, ముసలాయన మేక

నేనొకసారి రాకెట్టు ఎగరేశాను. నవ్వకండి, ఇంకా ఏమీ చెప్పలేదు. ఎగరేశాను అనడం కూడా కొంచెం పెద్ద మాటే. అది చేసిన పనిని ఏమనాలో ఆ రోజు అక్కడున్న నలుగురం ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒమన్‌లో నిజ్వా అవతల, కనుచూపు మేర గులకరాళ్లు తప్ప ఏమీ లేని మైదానంలో, అది వెళ్లకూడని చోటు ఒకటే ఉంది. సరిగ్గా అక్కడికే వెళ్లింది.

మాది జగిత్యాల వైపు. అప్పటికి మస్కట్ వచ్చి మూడేళ్లు. అక్కడి వాదీ కబీర్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఎలక్ట్రీషియన్ని. వయసు ముప్పై. నాకు రాని పని భూమ్మీద లేదని గట్టి నమ్మకం. పైగా సూపర్‌వైజర్ పోస్టు ఖాళీగా ఉంది, నా కన్ను దాని మీదుంది. ఆ పోస్టు ఎవరికివ్వాలో తేల్చేది మా ఇంజనీరు సాలిం సార్. ఒమన్ మనిషి, మెత్తనివాడు. హిందీ, ఇంగ్లీషు, అరబ్బీ ఒకే గిన్నెలో వేసి కలిపినట్టు మాట్లాడతాడు. ఆయన మాటలు మీ కోసం తెలుగులోనే చెబుతాను.

ఒకరోజు ఆయన ఆఫీసులోంచి కేకేశాడు.

“రాజన్నా, నీకు మోటార్లు తెలుసా?”

చూడండి, అక్కడే పడ్డాను. మా ఊళ్లో మోటార్ అంటే బావిలో నీళ్లు తోడేది. కాలిపోయిన వాటికి వైండింగ్ కట్టీ కట్టీ నా వేళ్లు అరిగాయి.

“మోటార్లా సార్? కండ్లు మూసుకొని చేస్త!”

“మూడున్నాయి. మూడూ ఒకేసారి స్టార్ట్ కావాలి.”

“మూడు కాదు, ముప్పై ఇయ్యుర్రి!”

ఆయన సంతోషంగా ఒక అట్టపెట్టె నా చేతిలో పెట్టాడు. చాక్లెట్ డబ్బా అంత తేలిక. రూమ్‌కి తీసుకెళ్లి విప్పాను. అట్టగొట్టాలు, పల్చటి చెక్కముక్కలు, ఎర్రటి గుడ్డ గొడుగు, వేలెడు పొడవున్న కాగితపు గొట్టాలు మూడు. పెట్టె తలకిందులు చేసి దులిపాను. మోటార్ లేదు.

మర్నాడు వెళ్లి అడిగాను. “సార్, మోటార్ రాలే. డబ్బాల పెట్టుడు కంపెనీవోడు మర్చిపోయిండు.”

సాలిం సార్ ఆ కాగితపు గొట్టాలు చూపించాడు. “ఇవే మోటార్లు. లోపల మందుంటుంది. ఇది రాకెట్టు.”

చదువుకునే రోజుల్లో ఆయనకు విదేశంలో ఈ సరదా అంటుకుందట. అనుమతుల కాగితాలన్నీ తెచ్చుకున్నాడు. ఈసారి వాళ్ల నాన్న కూడా చూడ్డానికి వస్తున్నాడు. “పెద్దవాడివయ్యాక ఈ బొమ్మలేమిటని నాన్న ఎప్పుడూ కోప్పడతాడు. ఈ ఒక్కటి సరిగ్గా ఎగరాలి రాజన్నా,” అన్నాడు. ఆయన గొంతులో స్కూలు పిల్లవాడి బెదురు వినిపించింది. అప్పుడైనా ‘నాకు రాదు సార్’ అనాలి కదా? అనలేదు. “నాకిడిసిపెట్టుర్రి సార్,” అన్నాను.

నా రూమ్‌మేట్ మస్తాన్ భాయ్‌ది కడప. మా కంపెనీలోనే ప్లంబర్. నేను అట్టగొట్టానికి రెక్కలు అంటిస్తుంటే, అవి గొట్టానికి కాకుండా నా వేళ్లకే అంటుకుంటుంటే, మంచం మీద కూర్చుని పెట్టెలోని కాగితం చదివేవాడు. నీళ్ల బిల్లయినా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషి.

“రాజన్నా, మూడు మోటార్లకు మూడు నిప్పు తీగలుండాయి. ఒక్కోదానికి కరెంటు వేరేగా ఇయ్యాలని రాసినారు.”

“ఆ కాగితం తియ్యి అవతలికి. గణపతి మండపానికి ఎన్ని బల్బులు సీరీస్ల వెలిగిచ్చిన్నో ఎరుకేనా?”

“ఆ సీరీస్‌లో ఒక్క బల్బు పోతే ఏమైతాదిబ్బా?”

“అన్ని పోతయ్.”

“మరి ఈడ?”

“ఈడ పోవు.”

“ఎందుకు పోవు?”

“ఇది ఒమన్!” అన్నాను. ఇంతకంటే గొప్ప ఎలక్ట్రికల్ సూత్రం నేను జీవితంలో చెప్పలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక మైదానం చేరాం. సాలిం సార్ నాన్నగారు చేతికర్రతో పికప్ దిగారు. ముఖం ఎండిన ఖర్జూరంలా బిగుసుకుపోయి ఉంది. పికప్ వెనక తొట్టిలో తాడుతో కట్టేసిన ఒక మేక. ఆ పొద్దునే నిజ్వా సంతలో బేరమాడి కొన్నారట. దాన్ని చూసినప్పుడు మాత్రం ఆయన ముఖం కాస్త వదులయ్యేది. పికప్‌ని చాలా దూరంగా నిలిపి, చాప పరచి, కాఫీ ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్నారు.

నేను రాకెట్టుని ఇనప కడ్డీకి తొడిగి, మూడిటికీ ఒకే సీరీస్ దారిలో వైర్లు లాగి, వెనక్కొచ్చి బటన్ పట్టుకున్నాను. సాలిం సార్ అరబ్బీలో పది నుంచి లెక్కపెట్టాడు. నాకు ఒకటి ఎక్కడొస్తుందో తెలియక ఐదు దగ్గరే నొక్కేశానట.

ఏమీ కాలేదు. తర్వాత తాలింపులో నీళ్లు పడ్డట్టు చుయ్యిమంది. ఒక్క మోటార్ అంటుకుని తన తీగను తెంపేసింది. సీరీస్ కదా, మిగతా రెండింటికీ కరెంటు పోయింది. మూడు మోటార్ల బరువును ఒక మోటార్ మోస్తూ రాకెట్టు ఈత చెట్టంత ఎత్తు లేచింది. అక్కడ ఆగి, ఎటు పోవాలా అని ఆలోచించింది. ఆపైన పక్కకు ఒరిగి, సెలవు మర్నాడు డ్యూటీకి ఆలస్యమైనవాడిలా పికప్ వైపు పరుగు తీసింది.

“ఆకాశం అటు కాదే!” అని అరిచాను. రాకెట్టుకి తెలుగు రాదు.

పికప్ మీదికి వెళ్లగానే టప్‌మని ఎర్ర గొడుగు, అదే దాని పారాచూట్, విచ్చుకుంది. రాకెట్టు పక్కన వేలాడుతుండగా గొడుగు నెమ్మదిగా, ఎంతో మర్యాదగా, మేక నెత్తిన దిగింది.

మేక తాడు తెంపుకుని పికప్ దూకింది. గొడుగు కొమ్ములకు చిక్కుకుంది, వెనకాల రాకెట్టు రాళ్ల మీద టకటక కొట్టుకుంటోంది. అది తనను తరుముతోందనుకుని మేక ఇంకా పరుగెత్తింది. దాని వెనక నేను. నా వెనక మస్తాన్ భాయ్. వెనక నుంచి సాలిం సార్ గొంతు:

“ఖల్లీ! ఖల్లీ! మోటార్! మోటార్!”

గాలి హోరులో నాకు వినిపించింది వేరు. గల్ఫ్‌లో మా వాళ్లు ఖల్లివెల్లి అంటే కంపెనీ వదిలేసి కాగితాలు లేకుండా తిరిగే మనిషి. మతార్ అంటే అరబ్బీలో విమానాశ్రయం. ఖల్లీ! మతార్! ఇంకేముంది, నా వీసా అయిపోయింది, నన్ను విమానం ఎక్కించేస్తున్నాడు! పరుగు ఆపి రాళ్ల మీద కూలబడ్డాను.

సాలిం సార్ ఆయాసపడుతూ వచ్చాడు. చేతులు జోడించాను.

“సార్, మతార్ వద్దు సార్! నీ కాళ్లు మొక్కుత! ఇంటికి పోయి ఏం చెప్పుకోవాలె?”

“ఎవరు పోతున్నారు మతార్‌కి?”

“నేనే కద సార్!”

“ఎందుకు పోతున్నావ్?”

“మీరే అంటిరి కద!”

ఆయన అయోమయంగా మస్తాన్ భాయ్ వైపు తిరిగాడు. మస్తాన్ భాయ్ కాస్త ఆలోచించి, నా భుజం తట్టాడు. “మతార్ కాదబ్బా, మోటార్. ఇంకా రెండు మోటార్లు కాలకుండా ఉండాయి, దగ్గరికి పోవద్దు, వదిలెయ్ అంటన్నాడు సారు.”

ఇంతలో మేక ఒక తుమ్మచెట్టు దగ్గర ఆగింది. గొడుగు ముళ్లకు పట్టుకుంది. మేక మాత్రం తీరిగ్గా ఆకులు తింటోంది. సాలిం సార్ జాగ్రత్తగా వెళ్లి తాళ్లు కోసి రాకెట్టు తీశాడు. తర్వాత తల వంచుకుని వాళ్ల నాన్న వైపు నడిచాడు. వెనక నేను, ఉరికంబానికి వెళ్తున్నట్టు.

పెద్దాయన చాప మీద పక్కకు ఒరిగిపోయి ఉన్నారు. ఏమైందో అని దగ్గరికి ఉరికాను. చూస్తే, నవ్వుతున్నారు. చప్పుడు లేకుండా, పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు తలపాగా అంచుతో తుడుచుకుంటూ నవ్వుతున్నారు. కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని, నాకు తన చేత్తో కాఫీ పోసి ఏదో అడిగారు. సాలిం సార్ ముఖం విప్పారింది.

“మళ్లీ ఎప్పుడు ఎగరేస్తున్నారని అడుగుతున్నాడు,” అన్నాడు నాతో.

అదండీ సంగతి. సాలిం సార్ ఆ మర్నాడే సూపర్‌వైజర్ పోస్టు నింపేశాడు. పని తెలిసినవాడు కాదు, కాగితం చదివేవాడు కావాలన్నాడు. అలా కడప ప్లంబర్ మస్తాన్ భాయ్ నాకు పైవాడయ్యాడు. ఇప్పటికీ నా డ్యూటీ షీటు మీద సంతకం ఆయనదే.

కాబట్టి, ఒమన్ కొండల సాక్షిగా, ఈ చేతిలోని స్క్రూడ్రైవర్ మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకపై ఏ పెట్టె విప్పినా ముందు కాగితం పూర్తిగా చదువుతాను. అర్థం కాకపోతే, పరువు చంపుకుని, మా సూపర్‌వైజర్‌ గారిని అడుగుతాను. ఆయన సెలవులో ఉంటే మాత్రం, పెట్టె మూసేసి పడుకుంటాను.